కంపెనీ దివాళాకి వెళ్ళింది, నా లారీ కిరాయి 38 లక్షలు ఇరుక్కుంది, క్లెయిమ్ వేస్తే ఏటైనా వస్తాదా?

రాయగడ_లారీ | సోమవారం రాత్రి 9:40

అందరికీ నమస్తే. నాది రాయగడ, ఆరు లారీలున్నాయి. వైజాగ్ పోర్టు నుంచి కూనేరు మీదుగా ఇక్కడొక ఫ్యాక్టరీకి బొగ్గు, మాంగనీస్ ఓర్ తోల్తాను. పేరు రాయను. ఏడు నెలల్నుంచి కిరాయి ఆగిపోయింది, ఇదిగో శుక్రవారం అదిగో నెలాఖరు అని అకౌంట్స్ బాబు తిప్పేడు, మొత్తం కలిపి 38 లక్షల 42 వేలు. పోయిన గురువారం వెళ్తే గేటుకి కాగితం అంటించి ఉంది, ఒరియాలో ఒకటి ఇంగ్లీషులో ఒకటి, కటక్ ఎన్‌సీఎల్‌టీ, అంటే కంపెనీల కేసులు చూసే ట్రిబ్యునల్, దాని ఆర్డరు ప్రకారం కంపెనీ దివాళా ప్రాసెస్‌లోకి వెళ్ళింది, బాకీలున్నవాళ్ళు క్లెయిమ్ వేసుకోండి అని. ఒకాయన 500 కోట్ల ఫ్యాక్టరీ బాబూ నీ 38 లక్షలు ఎక్కడికీ పోవు అంటాడు, ఇంకొకాయన ఆ బిల్లులు మడత పెట్టి అటక మీద పడేయ్ అంటాడు. డీజిల్ బంకుకి నేనే 9 లక్షలు బాకీ ఉన్నాను, రాత్రుళ్ళు నిద్ర పట్టట్లేదు. ఇంకో సంగతి, కొత్తగా వచ్చిన ఆఫీసరు లారీలు ఆపొద్దు తోలండి అంటన్నాడు. తోలాలా మానాలా? తెలిసినవాళ్ళు చెప్పండి.

గుణుపూర్_టైర్లు | సోమవారం రాత్రి 10:05

అన్నా నాకూ అక్కడ 4 లక్షలు రావాలి. నేను విన్నదేంటంటే బ్యాంకుల అప్పు 200 కోట్లే, ఫ్యాక్టరీ 500 కోట్లు పెట్టి కట్టేరు, అమ్మేస్తే అందరికీ సరిపోయి ఇంకా మిగులుతాది. కంగారు పడకు.

బరంపురం_సీఏ | సోమవారం రాత్రి 11:20

లారీ గారూ, ముందు తారీకు చూడండి. కంపెనీకి ఇప్పుడు పాత మేనేజ్‌మెంట్ లేదు, ట్రిబ్యునల్ పెట్టిన రిజల్యూషన్ ప్రొఫెషనల్, అందరూ ఆర్పీ అంటారు, ఆయన చేతిలో ఉంది. మీరు చెప్పిన కొత్త ఆఫీసరు ఆయన మనిషే అయ్యుంటాడు. నోటీసులో చివరి తేదీ ఉంటుంది, ఆర్పీ చేరిన రోజు నుంచి 14 రోజులు. దాటిపోయినా 90 రోజుల వరకు తీసుకుంటారు కానీ అంతదాకా ఆగొద్దు.

మీరు సరుకు, సర్వీసు ఇచ్చినవాళ్ళు కాబట్టి ఆపరేషనల్ క్రెడిటర్, మీ ఫారం బీ. బ్యాంకులది సీ, వర్కర్లది డీ. బిల్లులు, వర్క్ ఆర్డరు, బ్యాంక్ స్టేట్‌మెంటు, జీఎస్టీ రిటర్నులు, ఈ-వే బిల్లులు, కాటా చీటీలు, అన్నీ ట్రిప్పు వారీగా కట్టలు కట్టి పంపండి. కాటా చీటీ లేని ట్రిప్పుకి గొడవ వస్తుంది, ఇప్పుడే చెప్తున్నాను.

రెండోది, ఇది చాలామందికి తెలియదు. ఆర్డరు వచ్చిన రోజుకి ముందున్న 38 లక్షలు పాత బాకీ, అది క్యూలో నిలబడుతుంది. ఆ రోజు తర్వాత ఆర్పీ అడిగితే తోలిన లారీ కిరాయి దివాళా ప్రాసెస్ ఖర్చు కింద వస్తుంది, బ్యాంకుల కంటే కూడా ముందు దాన్నే కట్టాలి. కాబట్టి తోలండి, కానీ ఆర్పీ సంతకంతో కొత్త వర్క్ ఆర్డరు తీసుకుని, బిల్లు నెంబర్లు కొత్త సిరీస్ మొదలుపెట్టి, పాత బాకీతో ఒక్క రూపాయి కలపకుండా తోలండి. నోటిమాట మీద మాత్రం ఒక్క ట్రిప్పు కూడా వద్దు.

టైర్ల తమ్ముడూ, 500 కోట్లు పెట్టి కట్టారు అన్నది ఆ కంపెనీ ఇప్పటి విలువ కాదు. రేపు తీరిగ్గా రాస్తాను.

ఫర్నేస్_ఫోర్‌మన్ | మంగళవారం ఉదయం 6:15

నేను ఇదే బెల్టులో వేరే ఫ్యాక్టరీలో ఫర్నేసు మీద 22 ఏళ్ళు చేసేను, అదీ ఇలాగే దివాళాకి వెళ్ళింది, అప్పుడు వాల్యుయర్లు వచ్చినప్పుడు వాళ్ళని తిప్పింది నేనే. అది చెప్తాను.

రెండు పార్టీలు వచ్చేయి, వారం తేడాలో. మొదటాయన లాప్‌టాప్ తెరిచి ఈ ఫర్నేసు ఎన్ని ఎంవీఏ, ఏ సంవత్సరం, ఎలక్ట్రోడు డయా ఎంత అని రాసుకున్నాడు. రెండో పార్టీలో ఒక ముసలాయన ఉండేవాడు, ఆయన కాగితాలు అడగలేదు, తిన్నగా ఒకటో నెంబరు ఫర్నేసు దగ్గిరకెళ్ళి షెల్లు మీద చేత్తో తడిమేడు. చల్లగా ఉంది. ఎన్నాళ్ళయింది ఆపి అన్నాడు. ఐదు నెలలు అన్నాను. లోపల సరుకు దించేరా అన్నాడు. లేదండీ, కరెంటు ఒక్కసారే పోయింది, అన్నాను. ఆయన ఇంకేటీ మాట్లాడలేదు, పుస్తకంలో ఒక గీత గీసేడు. 

నాకు అర్థమైపోయింది. ఫర్నేసు నడుస్తున్నంత సేపు అది ఫర్నేసు. అలా లోడు మీద చల్లారిపోతే లోపల మొత్తం గడ్డకట్టి, ఎలక్ట్రోడు లోపలే ఇరుక్కుని, లైనింగు బీటలు వారిపోతాది. మళ్ళీ మొదలెట్టాలంటే డ్రిల్లులు పెట్టి తవ్వి తీసి, కార్బన్ బ్లాకులు కొత్తవి వేసి, నెలల పని, కోట్ల ఖర్చు. రెండో నెంబరు ఫర్నేసు మేము ముందే ఖాళీ చేసి ఆపేం, దాని దగ్గిర మాత్రం ఆయన నిలబడి చాలా ప్రశ్నలు అడిగేడు. పక్కపక్కనే ఉన్న రెండు ఫర్నేసులు, ఒకే ఏడు కొన్నవి, ఒకటి మిషను, ఇంకొకటి ఇనప తుక్కు. మేమందరం ఆ కరెంటు పోయిన రాత్రి అక్కడే ఉన్నాం, ఒక్క షిఫ్టు టైమిచ్చి ఉంటే దించేసేవాళ్ళం. ఇప్పటికీ తల్చుకుంటే కడుపు మండుతాది.

రాయగడ_లారీ | మంగళవారం ఉదయం 7:30

బాబాయ్ ఇది చదివి నాకు మాట రాలేదు. మా ఫ్యాక్టరీలో ఇప్పుడు ఒక ఫర్నేసు నడుస్తంది. మా ఓర్ ఆగితే అదీ ఆగిపోతాది కదా. ఇవాళే వర్క్ ఆర్డరు అడుగుతాను.

బరంపురం_సీఏ | మంగళవారం రాత్రి 10:50

ఫోర్‌మన్ గారు రాసింది నేను పది పేజీల్లో రాసినా చెప్పలేను. చట్టంలో దానికి రెండు పేర్లు పెట్టారు. ముక్కలుగా విప్పి, ఆ రోజుకి ఆ రోజు అమ్మేస్తే ఎంతొస్తుంది అన్నది లిక్విడేషన్ వాల్యూ. తొందర లేని కొనేవాడు, తొందర లేని అమ్మేవాడు కూర్చుని బేరం చేసుకుంటే వచ్చేది ఫెయిర్ వాల్యూ. ఆర్పీ ఇద్దరు రిజిస్టర్డ్ వాల్యుయర్లని పెట్టాలి, ఇద్దరూ విడివిడిగా వెళ్ళి చూడాలి, ఇద్దరి లెక్కకీ మరీ తేడా వస్తే మూడోవాణ్ణి పిలుస్తారు, దగ్గరగా ఉన్న రెండిటి సగటు తీస్తారు. లిక్విడేషన్ వాల్యూ అంకె బయటికి చెప్పరు, కొనేవాళ్ళ ప్లాన్లు, అంటే ఎంతిస్తాం ఎవరికెంత కడతాం అని రాసిచ్చేవి, చేతికొచ్చాకే బ్యాంకుల కమిటీకి చెప్తారు, అదీ బయటపెట్టం అని రాసిచ్చాక. ముందే తెలిస్తే ప్రతివాడూ దానికి ఒక రూపాయి ఎక్కువ రాసి ఊరుకుంటాడని.

కొనేవాడి లెక్క వేరు. వాడికి మీరు ఎంత పెట్టి కట్టారో అనవసరం, ఇకమీదట ఎంత సంపాదిస్తుందో కావాలి. వడ్డీ, పన్ను కట్టకముందు ఏడాదికి 20 కోట్లు మిగిలే ఫ్యాక్టరీ అనుకోండి, ఆ రకం వ్యాపారానికి మార్కెట్‌లో 5 రెట్లు ఇస్తున్నారనుకోండి, 100 కోట్లు, అంతే, 500 పెట్టి కట్టినా 100. దాంట్లోంచి ఫర్నేసు బాగుచెయ్యడానికి అయ్యే ఖర్చు తీసేస్తాడు. మళ్ళీ టైము. 18 శాతం లెక్కన రెండేళ్ళ తర్వాత చేతికొచ్చే 10 కోట్లు ఇవాళ 7 కోట్ల 18 లక్షలే. కోర్టులో వాయిదా పడిన ప్రతి నెలా ఈ లెక్కలోంచి కోత.

ఇప్పుడు మీ 38 లక్షల సంగతి. ఊహించిన అంకెలే, జాగ్రత్తగా చదవండి. ఫ్యాక్టరీ విప్పి అమ్మితే 60 కోట్లు. ప్రాసెస్ ఖర్చులు 4 కోట్లు ముందు పోతాయి, 56 మిగిలింది. తర్వాత మెట్టు మీద ఇద్దరు పక్కపక్కన నిలబడతారు, 24 నెలల వర్కర్ల జీతాల బాకీ, ఇంకా తాకట్టు ఉన్న బ్యాంకులు. వర్కర్లకి 6 కోట్లు, బ్యాంకులకి 200 కోట్లు రావాలంటే 206 కి 56 పంచితే రూపాయికి 27 పైసలు. వర్కర్లకి 1 కోటి 63 లక్షలు, మిగతాది బ్యాంకులకి, ఇక్కడితో డబ్బు అయిపోయింది. కిందున్న వాళ్ళకి, అంటే గవర్నమెంటు పన్నులకీ, మీకూ, టైర్ల తమ్ముడికీ సున్నా. ప్లాన్‌లో మీకివ్వాల్సిన కనీస మొత్తం ఈ లెక్క మీదే ఆధారపడుతుంది, అందుకే ఎవరు 500 కోట్ల ఫ్యాక్టరీ అన్నా నమ్మొద్దన్నాను.

గుణుపూర్_టైర్లు | బుధవారం ఉదయం 8:10

సార్ నేను తెలీక రాసేను, క్షమించండి. కానీ ఇది అన్యాయం కదండీ. బ్యాంకు వాడు వడ్డీ తింటా కూర్చున్నాడు, మేము టైరు ఇచ్చేం, ఆ టైరు మీదే లోడరు తిరిగింది. మాకు సున్నా ఏటి?

జయపురం_రిటైర్డ్ | బుధవారం మధ్యాహ్నం 2:30

నేను జాతీయ బ్యాంకులో 34 ఏళ్ళు చేసి రిటైరయ్యాను, చివరి తొమ్మిదేళ్ళు పెద్ద అప్పుల సెక్షన్‌లోనే. టైర్ల బాబు అడిగింది న్యాయమైన ప్రశ్న, ఎస్సార్ స్టీల్ కేసులో సరిగ్గా ఇదే ప్రశ్న వచ్చింది. ఆర్సెలర్ మిట్టల్ 42 వేల కోట్లు ఇస్తానంది. 2019 జులైలో అప్పిలేట్ ట్రిబ్యునల్ బ్యాంకులకీ సప్లయర్లకీ ఒకే రేటు, రూపాయికి 60 పైసల చిల్లర, అని ఆర్డరిచ్చింది. నవంబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది. తాకట్టు పెట్టుకున్నవాడూ పెట్టుకోనివాడూ ఒకటి కాదు, పంపకం బ్యాంకుల కమిటీ వ్యాపార నిర్ణయం, అంది. నేను బ్యాంకు మనిషినే అయినా ఒకటి ఒప్పుకుంటాను, కమిటీలో సప్లయర్‌కి ఓటు లేదు. వాళ్ళందరి బాకీ కలిపి మొత్తం అప్పులో 10 శాతం ఉంటే ప్రతినిధి వచ్చి కూర్చోవచ్చు, వినొచ్చు, మాట్లాడొచ్చు, ఓటు మాత్రం వెయ్యలేడు. ప్లాన్ పాసవ్వాలంటే 66 శాతం ఓట్లు కావాలి, అవన్నీ అప్పిచ్చినవాళ్ళవే.

కానీ నా బాధ ఇంకొకటి. కంపెనీ ట్రిబ్యునల్‌కి వచ్చేసరికే సగం చచ్చిపోయి వస్తుంది, దానికి కారణం మేమే. 2001లో ఆర్బీఐ సీడీఆర్ అని పెట్టింది, కార్పొరేట్ అప్పుల పునర్వ్యవస్థీకరణ. అప్పు విలువలో 75 శాతం ఉన్న బ్యాంకులు, సంఖ్యలో 60 శాతం ఒప్పుకుంటే చాలు, వాయిదాలు పొడిగించి వడ్డీ తగ్గించి కంపెనీని బతికించొచ్చు. మంచి ఆలోచనే. ఏమయిందంటే, పునర్వ్యవస్థీకరించిన అప్పుని మొండిబాకీ అని చూపించక్కర్లేదు, ఆ వెసులుబాటు 2015 ఏప్రిల్ దాకా ఉంది. దాంతో కంపెనీ బతుకుతుందా అని అడగడం మానేసి బ్యాలెన్స్ షీటు ఎలా కాపాడాలి అని అడగడం మొదలెట్టాం. నా బల్ల మీదికి వచ్చిన సాధ్యాసాధ్యాల రిపోర్టులు ఎన్నో చదివాను, ఆ రోజు 40 శాతం కెపాసిటీతో నడుస్తున్న ఫ్యాక్టరీ మూడో ఏడు నుంచి 85 శాతంతో నడుస్తుందని ప్రతిదాంట్లోనూ ఉండేది. ఎందుకు నడుస్తుందో ఉండేది కాదు. నేనూ సంతకాలు పెట్టాను.

తర్వాత 2015లో అప్పుని 51 శాతం వాటాగా మార్చుకునే ఎస్‌డీఆర్ వచ్చింది, 2016లో అప్పుని మోయగలిగేది మోయలేనిది అని రెండు ముక్కలు చేసే ఎస్4ఏ వచ్చింది. 2018 ఫిబ్రవరి 12న ఆర్బీఐ ఇవన్నీ ఒక్క సర్క్యులర్‌తో తీసేసింది, 2019 ఏప్రిల్ 2న సుప్రీంకోర్టు ఆ సర్క్యులర్నే కొట్టేసింది, జూన్‌లో కొత్తది వచ్చింది. ఇన్ని పేర్లు మారాయి, ఈలోపు ఫోర్‌మన్ గారి ఫర్నేసు లాంటివి చల్లారుతూనే ఉన్నాయి. మొదటి వాయిదా తప్పిన ఏడాదే అప్పు సగం వదులుకుని నడిపించుకుని ఉంటే, ఆఖర్న వదులుకున్న దానికంటే తక్కువే పోయేది. ఇది నేను కళ్ళారా చూసిన సంగతి.

బల్లార్షా_అన్న | బుధవారం రాత్రి 9:00

నేను మహారాష్ట్ర సైడు, చంద్రపూర్ జిల్లా బల్లార్షా. మా దిక్కు అందరం పేపర్ మిల్లు మీదనే బతికినం. మా పక్కకే బార్డర్ దాటితే కాగజ్‌నగర్, సిర్పూర్ పేపర్ మిల్లు 2014ల బందయింది, క్వార్టర్లల్ల కరెంటు లేక జనం ఊర్లు పట్టుకొని పోయిన్రు, 2018ల ఇదే దివాళా చట్టం కింద జేకే పేపర్ తీసుకున్నది, మల్ల నడుస్తున్నది. అంటే ఈ చట్టంతోని బతికినయ్ గూడ ఉన్నయ్, అది చెప్పాలె.

నా గోస ఏందంటే నేను షేర్లు కొన్న. బల్లార్‌పూర్ ఇండస్ట్రీస్, మా ఊరి పేరు మీద ఉన్న కంపెనీ, దివాళాల ఉన్నప్పుడు షేరు రూపాయి రెండు రూపాయలకు దొరికింది, ఆస్తులు ఇన్ని ఉన్నయ్ ఎట్లన్న లేస్తది అని పెట్టిన. ఒడిశాల జయపురం దగ్గర సేవా మిల్లు, మంగపేట దిక్కు కమలాపురం మిల్లు అన్నీ దాని కిందివే. 2023ల ప్లాన్ ఒప్పుకున్నరు, ఫిన్‌క్వెస్ట్ తీసుకున్నది, పాత షేర్లు రద్దు. మిల్లు మిల్లు లెక్కనే ఉన్నది, షేరు లేదు. ఇది చదివేటోల్లు ఎవలన్న ఉంటే దయచేసి దివాళా కంపెనీ షేరు అగ్గువకు వస్తున్నదని కొనకుండ్రి. సీఏ సార్ చెప్పిన మెట్లల్ల షేరు పట్టుకున్నోడు అన్నిటికంటే కింది మెట్టు మీద ఉంటడు, పైసలు అంతదాక దిగవు.

జయపురం_రిటైర్డ్ | బుధవారం రాత్రి 9:45

మా జయపురం దగ్గర గగనాపూర్‌లోదే ఆ సేవా మిల్లు. మీరు చెప్పింది అక్షరాలా నిజం తమ్ముడూ.

రాయగడ_లారీ | గురువారం ఉదయం 6:50

సీఏ గారూ ఇంకొక్క డౌటు. లిక్విడేషన్ వాల్యూ కంటే తక్కువకి ఎవరికైనా ఇచ్చేయొచ్చా? అలా ఇవ్వకూడదని ఒకాయన గట్టిగా చెప్తన్నాడు.

బరంపురం_సీఏ | గురువారం ఉదయం 11:15

ఇవ్వొచ్చు. మన నల్గొండ జిల్లాలో పైపుల ఫ్యాక్టరీ, యునైటెడ్ సీమ్‌లెస్ ట్యూబులార్, దాని కేసే ఉంది. వాల్యుయర్ల సగటు లిక్విడేషన్ వాల్యూ 597.54 కోట్లు, మహారాష్ట్ర సీమ్‌లెస్ ఇస్తానన్నది 477 కోట్లు. అప్పిలేట్ ట్రిబ్యునల్ 597 కి పెంచమంది. 2020 జనవరిలో సుప్రీంకోర్టు, ప్లాన్ లిక్విడేషన్ వాల్యూకి సరిపోలాలని చట్టంలో ఎక్కడా లేదు, కమిటీ ఆలోచించి ఒప్పుకుంటే చాలు, అని 477 కే ఖాయం చేసింది. వాల్యుయేషన్ అనేది కమిటీకి దారి చూపించే దీపం, గోడ కాదు. నాకు వ్యక్తిగతంగా ఇది పూర్తిగా నచ్చదు, ఎందుకంటే మెట్ల కింద ఉన్నవాడికి ఆ అంకె తప్ప వేరే రక్షణ లేదు. కానీ చట్టం ఇదీ.

ఇంకో మాట, టైము గురించి ఒడిశా వాళ్ళం మనం మర్చిపోకూడని కేసు, ఝార్సుగుడ దగ్గర భూషణ్ పవర్. 47 వేల కోట్ల క్లెయిములు, జేఎస్‌డబ్ల్యూ 19 వేల కోట్ల పైన ఇచ్చి తీసుకుంది, 2021లో డబ్బు కట్టి నడుపుకుంటోంది. 2025 మేలో సుప్రీంకోర్టు ఆ ప్లాన్ చెల్లదు విప్పి అమ్మండి అంది, జులైలో ఆ తీర్పు వెనక్కి తీసుకుంది, సెప్టెంబరులో ప్లాన్ ఖాయం చేసింది. 330 రోజుల్లో అయిపోవాలని చట్టంలో రాసుకున్న పని అది.

ఫర్నేస్_ఫోర్‌మన్ | గురువారం రాత్రి 8:40

వర్కర్లు ఎవరైనా చదువుతుంటే, ఫారం డీ విడివిడిగా వెయ్యలేకపోతే అందరి తరఫునా ఒకరు ఫారం ఈ వెయ్యొచ్చు, మేము అలాగే వేసేం. పీఎఫ్ డబ్బు ఈ పంపకాల్లోకి రాదు, అది మనది, వేరే పెట్టాలి. మా దాంట్లో కంపెనీ మా జీతంలో కోసి పీఎఫ్ ఆఫీసులో కట్టలేదు, ఆ సంగతి మేము పాస్‌బుక్కులు తెచ్చి చూపిస్తే గానీ లెక్కలోకి ఎక్కలేదు. పాస్‌బుక్కు చూసుకోండి, ఇవాళే.

రాయగడ_లారీ | రెండు నెలల తర్వాత

అప్‌డేట్ రాస్తానన్నాను కదా. ఫారం బీ ఆఖరి రోజుకి మూడ్రోజుల ముందే మెయిల్ చేసేం. నేనూ మా ఆవిడా నాలుగు రాత్రులు హాల్లో చాప పరుచుకుని చీటీలు పేర్చేం, కొన్నిటి మీద వాన తడిసి అంకెలు పోయేయి. పదకొండు ట్రిప్పుల కాటా చీటీలు దొరకలేదు. వడ్డీ కూడా వేసేం, అగ్రిమెంటులో లేదని వడ్డీ మొత్తం తీసేసేరు. ఆఖరికి 35 లక్షల 10 వేలు ఒప్పుకున్నారు. కొత్త వర్క్ ఆర్డరు మీద నాలుగు లారీలు తోల్తన్నాను, పదిహేను రోజులకోసారి డబ్బు పడుతంది, ఏడు నెలల తర్వాత మొదటిసారి బ్యాంకు మెసేజి వచ్చిన రోజు లారీ పక్కన నిలబడి కళ్ళంట నీళ్ళొచ్చేయి.

బరంపురం_సీఏ | అదే రోజు

ఆ పదకొండు ట్రిప్పులకి పోర్టు గేట్ పాసులు, టోల్ రసీదులు ఉంటే ఆర్పీకి మళ్ళీ రాయండి. వినకపోతే కటక్ ట్రిబ్యునల్‌లో అప్లికేషన్ వేసుకోవచ్చు, కానీ 3 లక్షల కోసం వకీలు ఖర్చు ఎంతవుతుందో ముందు చూసుకోండి.

రాయగడ_లారీ | పదమూడు నెలల తర్వాత

కటక్ ఆర్డరు వచ్చింది. వేరే రాష్ట్రం కంపెనీ ఒకటి తీసుకుంది. సప్లయర్లకి ఒప్పుకున్న బాకీలో 12 శాతం, అంటే నాకు 4 లక్షల 21 వేలు. ప్లాన్‌లో సప్లయర్లకి రాసిన ఈ డబ్బు బ్యాంకుల కంటే ముందే కట్టాలట. బంకు బాకీలో సగం కూడా తీరదు. కానీ ఈ ఏడాది తోలిన కిరాయి పైసా పోలేదు, అదే నన్ను నిలబెట్టింది. ఫోర్‌మన్ బాబాయ్, ఆ ఒక్క ఫర్నేసు ఇప్పటిదాకా ఆగలేదు, మీకు చెప్పాలనుకున్నాను.

ఫర్నేస్_ఫోర్‌మన్ | అదే రోజు

చల్లటి మాట చెప్పేవు నాయనా.

పర్లాకిమిడి_సంచులు | మర్నాడు

ఇప్పుడే ఈ చర్చ చూసేను. మా బావమరిది ఇదే ఫ్యాక్టరీకి సంచులు సప్లై చేసేవాడు, 6 లక్షలు రావాలి. నోటీసు ఎవరూ చెప్పలేదు, ఫారం వెయ్యలేదు. ఇప్పుడు వెయ్యొచ్చాండి?

బరంపురం_సీఏ | మర్నాడు

పాత బాకీకైతే దారి మూసుకుపోయింది. 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, అది ఒరిస్సా మాంగనీస్ అండ్ మినరల్స్ కంపెనీ కేసులోనే, ప్లాన్ ఒప్పుకున్నాక దాంట్లో లేని బాకీ ఏదీ మిగలదని చెప్పేసింది. చాలా బాధగా ఉంది ఇది రాయడానికి. ఒక్కటి చూడండి, గేటుకి కాగితం అంటించిన తర్వాత ఆయన సంచులు ఏమైనా పంపారా? బిల్లు తారీకులు తీసి చూసి చెప్పండి.

పర్లాకిమిడి_సంచులు | మర్నాడు రాత్రి

చూసేం. రెండు బిల్లులు ఉన్నాయి, ఆ తర్వాతి నెలవి, 1 లక్షా 86 వేలు. డబ్బు రాలేదు.

బరంపురం_సీఏ | మర్నాడు రాత్రి

ఆ రెండు బిల్లులు, స్టోర్స్ వాళ్ళు సంతకం పెట్టిన డెలివరీ చలానా రేపు పొద్దున్నే స్కాన్ చేసి ఆర్పీకి మెయిల్ చెయ్యండి, ప్రాసెస్ ఖర్చు కింద రావాల్సింది అని స్పష్టంగా రాయండి, ఒరిజినల్స్ రిజిస్టర్డ్ పోస్టులో కాకుండా చేత్తో పట్టుకెళ్ళి ఇచ్చి ముద్ర వేయించుకోండి. చలానా మీద సంతకం ఉందా?

పర్లాకిమిడి_సంచులు | మర్నాడు రాత్రి

ఒకదాని మీద ఉంది. రెండోది వెతుకుతున్నాం.